పెరియమేడులో చేయించిన రాగి పతకాలు

చెన్నైలోని మా పెరంబూరులో తెలుగు పిల్లలకు ఏటా ఫిబ్రవరి 28న, జాతీయ సైన్సు దినోత్సవం నాడు, చిన్న పోటీ పెడుతున్నాం. షరతు ఒక్కటే: చేసిన వస్తువు ఇంట్లో ఒకరికైనా పనికిరావాలి. ఇన్నాళ్లూ బజారులో దొరికే బంగారుపూత పతకాలే ఇచ్చాం. ఒక వానాకాలం గడిచేసరికి పూత పొరలుగా లేచిపోయేది. ముప్పై మూడేళ్లు టూల్ రూములో లోహంతోనే బతికినవాణ్ని, అలాంటిది మళ్లీ పిల్లల మెడలో వేయడానికి మనసొప్పలేదు. ఈసారి రాగితోనే చేయిద్దామని పట్టుబట్టాను.

రాగే కావాలనడానికి కారణం ఉంది. ఎడిన్‌బరోకు చెందిన జాన్ స్కాట్ అనే మందుల వ్యాపారి 1816లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరానికి 4,000 డాలర్లు రాసిచ్చాడు. పనికొచ్చే వస్తువులు కనిపెట్టిన పురుషులకూ స్త్రీలకూ బహుమతులు ఇవ్వమన్నాడు. స్త్రీలకూ అని ఆ రోజుల్లోనే రాశాడు, గమనించండి. ఇరవై డాలర్లకు మించని సొమ్ము, దానితో పాటు ఒక రాగి పతకం, పతకం మీద ‘అత్యంత అర్హులకు’ అనే మాట. 1921లో మేరీ క్యూరీకి, 1934లో నికోలా టెస్లాకు దక్కింది ఆ పురస్కారమే. ఆ మాటను తెలుగులో, రాగి మీద చెక్కించాలని నా కోరిక.

మూర్ మార్కెట్ స్టేషన్‌లో రైలు దిగి నెహ్రూ స్టేడియం వైపు నడిస్తే పెరియమేడులో ఆట సామాను, కప్పులు, షీల్డుల దుకాణాలు కనిపిస్తాయి. నేను వెళ్లిన దుకాణం పేరు రాయడం లేదు, వారి లోపాలు కూడా చెప్పబోతున్నాను కనుక. మూడు పతకాలకు ఆర్డరిచ్చాను. వ్యాసం 60 మిల్లీమీటర్లు, మందం 3. ఒక్కొక్కటి 700 రూపాయలు. అయిదు రోజుల్లో ఇస్తామన్నారు, పదకొండు రోజులు పట్టింది.

రాగి విషయంలో మోసం లేదు. ఆ కొలతలకు లెక్క ప్రకారం 76 గ్రాములు రావాలి. వారి త్రాసు మీదే పెట్టించాను, 75 తూగింది. రింగు కోసం వేసిన కన్నానికి, చెక్కిన అంచుకు ఆ ఒక్క గ్రాము పోతుంది. సరిపోయింది.

అక్షరాల దగ్గరే వచ్చింది చిక్కు. యంత్రంతో గీసి చూపించిన మొదటి పతకం మీద వత్తులన్నీ ఊడిపోయాయి. ‘అత్యంత’లో త కింద ఉండాల్సిన య వత్తు పక్కకు వచ్చి ‘అత్ యంత’ అయింది. ‘అర్హులకు’లో ర్ ఒకచోట, హు ఒకచోట. వారి కంప్యూటర్‌కు తెలుగు వత్తులు తెలియవట. పైగా గీతకు లోతు లేదు, గోరుతో తడిమితే తగలనే లేదు. “ఇంగ్లీషులో వేసుకోండి సార్, బాగా వస్తుంది” అన్నాడు యజమాని. ఒప్పుకోలేదు. శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారు చదివిన మద్రాసు వైద్య కళాశాల ఆ దుకాణానికి నడిచివెళ్లేంత దూరంలోనే ఉంది. ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్ మీద అంత పని చేసినా నోబెల్ రాని మనిషి. ఆయన తిరిగిన చోట, అర్హత అనే మాటను తెలుగులో సరిగ్గా రాయలేకపోతే ఎలా?

గట్టిగా అడిగాక చేత్తో చెక్కే పెద్దాయన్ని పిలిపించారు. తమిళుడు, తెలుగు ఒక్క ముక్క చదవలేరు. నా చేత కాగితం మీద అరచేయంత అక్షరాలు రాయించుకున్నారు. ఏ గీత ముందు, ఏది తరవాత అని ఒక్కొక్క అక్షరానికీ అడిగారు. తలకట్టు చివర గీత ఎటు విరుగుతుందో రెండుసార్లు రాయించారు. రాగి బిళ్లకు సుద్ద పూసి, సూదితో గీత గీసి, సన్నని ఉలిని బొటనవేలితో ఆపుకుంటూ నడిపారు. ఉలి ముందు రాగి పోగు వెంట్రుకలా చుట్టలు తిరుగుతూ లేచింది. వంపు వచ్చిన ప్రతిచోటా ఉలిని కదపకుండా బిళ్లనే తిప్పారు. ఒక పతకానికి గంటన్నర పట్టింది. ఒక్కొక్కదానికి 400 అదనంగా తీసుకున్నారు, నేను బేరమాడలేదు.

మిగిలిన లోపాలు: ఒకదాని అంచుకు గరుకు తీయలేదు, పిల్లల వేలు తెగేది. ఎదురుగా నిలబడి ఆకురాయి పట్టించాను. ఇంకోదానికి లక్క పూసేముందు వేలిముద్ర తుడవలేదు, పూత కింద నల్లమచ్చ ఉండిపోయింది. అడిగితే మారుమాట లేకుండా పూత తీసి మళ్లీ వేశారు. రిబ్బను మాత్రం ఈ బరువుకు ఆగదు. నూలు నాడా ఇంట్లోనే కుట్టుకోండి.

మొదటి పతకం ఎనిమిదో తరగతి అమ్మాయికి ఇచ్చాం. భుజం నొప్పితో చేతిపంపు కొట్టలేని నాయనమ్మ కోసం పిడికి ఇనుపగొట్టం తొడిగి పొడవు పెంచింది. వేదిక దిగగానే ఆ పిల్ల ముందు పతకాన్ని అరచేతిలో పెట్టుకుని బరువు చూసింది, ఆ తరవాత అక్షరాల మీద వేలు నడిపింది.

మీరూ వెళితే, చేత్తో చెక్కే పెద్దాయన కావాలని ముందే చెప్పండి. మధ్యాహ్నం మూడు తరవాతే వస్తారు. అక్షరాలు వత్తులతో సహా పెద్దగా రాసి తీసుకెళ్లండి. నేను రాసిచ్చిన కాగితాన్ని ఆయన మడిచి, ఉలుల పెట్టెలో దాచుకున్నారు.