పెట్టె మీది అంకె వేరు, కొండ మీది దూరం వేరు: లైకా సీఆర్‌ఎఫ్ 2700-బీ

అమెరికాలోని న్యూ మెక్సికోలో రాటన్ పట్టణం దగ్గర, జాతీయ రైఫిల్ సంఘం (ఎన్‌ఆర్‌ఏ) పేరుతో ఉన్న విటింగ్టన్ సెంటర్ అనే షూటింగ్ మైదానంలో, 1123 గజాల దూరంలో తెల్లరంగు పూసిన ఉక్కు అడవిదున్న బొమ్మ ఒకటి నిలబడి ఉంటుంది. దూరం ముందే తెలిసిన గుర్తు కనుక, లేజర్ కిరణంతో దూరం కొలిచే రేంజ్‌ఫైండర్ ఏపాటిదో తేల్చుకోవడానికి అంతకంటే మంచి గీటురాయి నాకు దొరకలేదు. డెన్వర్ నుంచి ఇంటర్‌స్టేట్ 25 మీద దక్షిణంగా వచ్చి, రాటన్ కనుమ దాటి, నేను మొదటిసారి అక్కడికి తీసుకువెళ్ళిన పరికరం ఆ దున్నను చూసి 1160 అంది, మళ్ళీ నొక్కితే 1158 అంది, ఇంకోసారి నొక్కితే 1161 అంది. మూడు కొలతలూ దగ్గరదగ్గరగా ఉండడంతో, తప్పు పరికరానిది కాదనీ బోర్డు మీది అంకెదేననీ కాసేపు నమ్మాను కూడా. ఆ తయారీదారు పేరు ఇక్కడ అనవసరం. అలాంటి లోపమున్న పరికరం ఏ కంపెనీ పెట్టెలోనైనా రావచ్చు.

ముప్పై ఏడు గజాల తేడా ఏం చేస్తుందో లెక్క వేసి చూస్తే విషయం అర్థమవుతుంది. దూరపు గురికి వాడే 6.5 క్రీడ్‌మోర్ రకం రైఫిల్ తూటా 300 గజాల దగ్గర ఇంకా దాదాపు తిన్నగానే పోతుంది కాబట్టి అక్కడ దూరం పది గజాలు తప్పినా గుండు ఎత్తులో అంగుళమైనా తేడా రాదు. 1000 గజాలకు చేరేసరికి అదే పది గజాల తప్పు సుమారు 5 అంగుళాలవుతుంది, 1500 దగ్గర అడుగు దాటుతుంది, ఎందుకంటే వేగం తగ్గినకొద్దీ తూటా మరింత ఏటవాలుగా కిందికి దిగుతుంది. ఆ రోజు నా గుళ్ళు దున్న వీపు మీదుగా రెండడుగుల ఎత్తున పోయి ఉంటాయి. నేను మాత్రం గాలిని తిట్టుకుంటూ కూర్చున్నాను.

కొనేవారు ముందుగా చూసేది పెట్టె మీది పెద్ద అంకె. వోర్టెక్స్ ఫ్యూరీ హెచ్‌డీ 5000 ఏబీ అనే రేంజ్‌ఫైండర్ పేరులోని 5000 గజాలు అద్దంలా మెరిసే ఫలకానికి చెప్పినవి. జింకకు ఆ కంపెనీయే చెప్పే దూరం 1600. సిగ్ కిలో 10కే పేరులోని పదివేల గజాలూ అటువంటి ఫలకానికే వర్తిస్తాయి. ఇందులో మోసమేమీ లేదు, చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది, కాకపోతే మనం కాల్చేది అద్దాలను కాదు. లైకా సీఆర్‌ఎఫ్ 2700-బీ పేరులోని 2700 గజాలను కూడా నేను ఇదే కంటితో చూశాను.

దాన్ని కొనడానికి కారణం వేరే అంకె, కిరణం ఎంత వెడల్పుగా విచ్చుకుంటుందో చెప్పే అంకె. ఈ లైకాలో అది 0.5 మిల్ (మిల్ అంటే దూరంలో వెయ్యో వంతు) ఒకవైపు, 1.2 మిల్ మరొకవైపు. అంటే 1500 గజాల దగ్గర కిరణం పడే మేర దాదాపు రెండుంపావు అడుగులు, ఐదున్నర అడుగుల దీర్ఘచతురస్రం. గజం చదరపు ఉక్కు పలక మీద పడగా మిగిలిన వెలుగు ముందున్న గడ్డి నుంచో వెనకున్న గట్టు నుంచో తిరిగి వస్తుంది, తిరిగి వచ్చినవాటిలో పరికరం ఏ వెలుగును ఎంచుకుంటే అదే మనకు దూరమవుతుంది. చదునైన నేల మీద పొడుగువైపు అడ్డంగా ఉంటే మేలు, నిలువుగా ఉంటే నేలను తాకుతుంది. చెట్ల సందులోంచి చూసేవారికి దీనికి తలకిందులు. కాబట్టి కొన్న రోజునే పరీక్షించుకోవాలి.

పరీక్షకు ఖర్చు లేదు. రెండు మూడు వందల గజాల దూరంలో, వెనక ఆకాశం తప్ప మరేమీ లేని నీళ్ళ ట్యాంకునో కరెంటు స్తంభాన్నో ఎంచుకుని, పరికరాన్ని ట్రైపాడ్ మీద బిగించి, ఆగకుండా కొలుస్తూ పోయే స్కాన్ మోడ్‌లో రెటికిల్‌ను, అంటే లోపల కనబడే గురి గుర్తును, ఆకాశం నుంచి అంచు వైపు నెమ్మదిగా జరపాలి. అంకె ఎక్కడ కనబడిందో, ఎక్కడ మాయమైందో నాలుగు వైపుల నుంచీ కాగితం మీద గీసుకుంటే కిరణం ఆకారమూ, అది రెటికిల్‌కు ఎంత పక్కగా పోతోందో రెండూ తేలతాయి. నా పాత పరికరంలో రెటికిల్ ట్యాంకు పైఅంచు దాటి బాగా కిందికి దిగితే గాని అంకె రాలేదు. కిరణం పైకి పోతోందన్నమాట. తర్వాతి సారి దున్న కాళ్ళకంటే కిందికి గురిపెట్టి నొక్కితే 1123 వచ్చింది. లైకాలో ఆ బెడద లేదు; దున్న మధ్యలో పెట్టి నొక్కితే గజం అటూ ఇటూగా సరిగ్గా చెప్పింది. గజం అంటే కాంతి పోయి రావడానికి ఆరు నానోసెకన్లు. చేతిలో పట్టే 185 గ్రాముల వస్తువు ఆ తేడాను పసిగట్టడం ఇప్పటికీ నాకు వింతగానే ఉంటుంది.

గోల్ఫ్ ఆడే మా బావగారు తన దగ్గరున్నది సరిపోదా అని అడిగారు. సరిపోదు. గోల్ఫ్ పరికరం వెనకున్న చెట్లను వదిలేసి ముందున్న జెండాను పట్టుకునేలా తయారవుతుంది, మనకు మాత్రం గడ్డిపోచలను దాటి వెనకున్న పలకను పట్టుకోవలసిన సందర్భాలే ఎక్కువ.

ఏడింతలు పెద్దదిగా చూపే 24 మిల్లీమీటర్ల కటకం చేతి వణుకునూ అంతే పెంచి చూపుతుంది కాబట్టి 1000 గజాలు దాటాక చేత్తో పట్టుకుని కొలవడం నేను మానేశాను. వేళ కూడా ముఖ్యమే. మిట్టమధ్యాహ్నపు ఎండలో సూర్యుడి వెలుగే రొదలా కమ్మేసి తిరిగి వచ్చే పల్చటి వెలుగును మింగేస్తుంది. మబ్బు పట్టినప్పుడూ సూర్యోదయానికి ముందూ అదే పలక సునాయాసంగా దొరుకుతుంది. అందుకే లక్ష్యాల దూరాలన్నీ పొద్దున్నే కొలిచి పుస్తకంలో రాసుకుని, కాల్చేటప్పుడు కెస్ట్రెల్‌లో (గాలిని కొలిచి తూటా గురి లెక్క కట్టే చేతి పరికరం) చేత్తో ఎక్కించుకుంటాను. నేరుగా బ్లూటూత్‌లో పంపాలనుకునేవారు ఇదే కుటుంబంలోని 2800.కామ్ చూడవచ్చు.

రెండు మైళ్ళు, అంటే 3520 గజాలు, మీ లక్ష్యమైతే ఈ తరగతి పరికరం కొనవద్దు. అక్కడ స్విట్జర్లాండ్ వెక్ట్రానిక్స్ వంటివారి ఖరీదైన పరికరాల వైపు చూడాలి. ఆ శ్రేణిలో 1550 నానోమీటర్ల కిరణాన్ని వాడేవి ఉంటాయి. ఆ వెలుగు కంటి ముందుభాగంలోనే ఇంకిపోయి రెటీనాను చేరదు కనుక ఎక్కువ శక్తితో పంపే వీలుంది, అయితే తడిసిన లక్ష్యాల మీద అది కొంత బలహీనపడుతుంది. నా షూటింగ్ 1500 గజాల లోపే ఎక్కువ కాబట్టి నేను లైకా దగ్గరే ఆగి, మిగిలిన డబ్బుతో గట్టి ట్రైపాడ్ కొన్నాను.