లక్నవరం దీవుల్లో అమ్మ చెప్పిన చెట్ల పేర్లు

అమ్మది నర్సంపేట అవతల, పాఖాల అడవి అంచున ఊరు. పెళ్లయ్యేదాకా ప్రతి ఎండాకాలం బీడీలు చుట్టే తునికాకు కోతకు పోయిన మనిషి. 50 ఆకులకు ఒక కట్ట, కల్లంలో కట్టల లెక్కన పైసలు. ఇప్పుడు హన్మకొండలో మా ఇంట్లో, మూడో అంతస్తులో ఉంటోంది. బాల్కనీలో నిలబడితే కనిపించేది ఎదురు సందులో వరుసగా పెంచిన కోనోకార్పస్ మొక్కలే. "ఇదేం చెట్టు బిడ్డా, పిట్ట గూడ వాలది" అని ఒకరోజు అడిగింది. అది మన చెట్టు కాదమ్మా, ఎక్కడో అమెరికా సముద్రపు ఒడ్డుదని చెప్పాను. "మరి మన చెట్లు యాడ వోయినయ్?" అంది.

ఆ మాట మీదే ములుగు అడవుల్లోని లక్నవరం చెరువు దాకా ఈ ప్రయాణం పెట్టుకున్నాం. మార్చి రెండో వారం, మంగళ బుధవారాలు. నేను, అమ్మ, డిగ్రీలో బాటనీ చదివే మా పాప. శని ఆదివారాలు వద్దనుకోవడం మేం చేసిన మంచి పని. జనం ఎక్కువుంటే అడవి చప్పుడు వినపడదు.

మొదట హంటర్ రోడ్డులోని కాకతీయ జూ పార్కుకు వెళ్లాం. 1985లో మొదలైంది, పాతవాళ్లు ఇప్పటికీ వన విజ్ఞాన కేంద్రం అంటారు. ఊళ్లోనే ఉంది కాబట్టి పొద్దున గేటు తీయగానే వెళ్లి రెండు గంటల్లో బయటపడొచ్చు. దుప్పి, కణుజు, మనుబోతు మూడింటినీ పక్కపక్కన చూస్తే తేడా ఇక జన్మలో మరచిపోం. మా పాప అంతవరకూ మూడింటినీ జింక అనే అనేది. అమ్మ మాత్రం కంచె పట్టుకుని చాలాసేపు నిలబడింది. "అడవిల వీటిని ఇంత దగ్గరగ ఎన్నడు సూడలే. ఉరుకుతుంటే తోకలే సూసినం" అంది. పిల్లలున్నవాళ్లు తప్పకుండా వెళ్లండి. మన అడవి చెట్లను చూడాలనుకునేవాళ్లు మాత్రం దీన్ని ఓనమాల కింద లెక్కపెట్టి ముందుకు సాగాలి.

ములుగు దారి జాతీయ రహదారి 163 మీద కారులో హాయిగా సాగింది. ములుగుకు ముందు గట్టమ్మ దగ్గర అందరిలాగే మేమూ బండి ఆపి కొబ్బరికాయ కొట్టాం. అక్కడినుంచి రోడ్డుకు రెండు పక్కలా మోదుగ పూసి ఉంది, ఆకు ఒక్కటీ లేకుండా. బస్సులో వచ్చేవాళ్లు హన్మకొండ బస్టాండులో ఏటూరునాగారం బస్సెక్కి చల్వాయి దగ్గర దిగి, బుస్సాపూర్ మీదుగా చెరువు దాకా ఆటోలో వెళ్లొచ్చు. ఆటో బేరం వెళ్లిరావడానికి కలిపి ముందే మాట్లాడుకోండి. సాయంత్రం తిరుగు ఆటో దొరక్క నడుచుకుంటూ వస్తున్నవాళ్లను దారిలో చూశాం.

బస విషయంలో నేను చేసిన తప్పు చెప్పాలి. ఫోన్లో ఫొటోలు చూసి, అడవి మధ్యలో బస అని రాసి ఉంటే ఒక ప్రైవేటు చోట ముందే డబ్బు కట్టాను. తీరా వెళ్తే రోడ్డు పక్కన చదును చేసిన జాగా, రేకుల గదులు వరుసగా, ముందు గడ్డి పరచిన పచ్చిక, దాని చుట్టూ మళ్లీ ఆ కోనోకార్పస్! అడవి మధ్యలో ఒక జాగా తీసుకుని ఉన్న చెట్లు కొట్టేసి, నర్సరీ నుంచి పరాయి మొక్క తెచ్చి నాటడం చూసి నాకు నిజంగా కడుపు మండింది. మధ్యాహ్నం మూడింటికే పెద్ద స్పీకర్లు పెట్టారు. అమ్మ కారు దిగనే లేదు. కట్టిన డబ్బు వదులుకుని వచ్చేశాం. కాబట్టి బస మాట్లాడేటప్పుడు గదిలో ఏసీ ఉందా అని అడిగినట్టే, చుట్టూ ఏం చెట్లున్నాయి, రాత్రి పాటలు పెడతారా అని కూడా అడగండి. మామూలు రోజు కావడంతో మాకు లక్నవరం దగ్గరే టూరిజం వాళ్ల కాటేజీ ఒకటి దొరికింది. దుప్పట్లు శుభ్రం, నీళ్లు ధారాళం, కిటికీ తీస్తే చెరువు. అంతకంటే మాకేం కావాలి?

లక్నవరం కాకతీయుల కాలపు చెరువు. కొండల మధ్య సందుల్లో కట్టలు పోసి నీళ్లు నిలిపారు. నీళ్లు నిండాక మునగని గుట్టల కొసలే దీవులు, మొత్తం 13 అంటారు. వేలాడే వంతెన దాటి అందరూ ఫొటోలు దిగి వెళ్లిపోతారు. వంతెన బాగుంటుంది, కాదనను. నేను మాత్రం ఆ దీవులను వేరేగా చూడమంటాను. మామూలుగా ఊరి పక్క అడవిలో మేకలు మేస్తాయి, వంటకు కట్టెలు కొడతారు, ఎండాకాలం ఆకులు కాలుస్తారు. చుట్టూ నీళ్లున్న గుట్టకు ఆ బాధలు తక్కువ. గింజ అక్కడికి చేరాలంటే గాలి మోయాలి, పిట్ట మోయాలి, లేకపోతే గబ్బిలం మోయాలి. ఎవరూ నాటని తోట అది. మనిషి కట్టిన చెరువు మధ్య మనిషి చెయ్యి తక్కువ పడ్డ అడవి మిగిలింది.

బుస్సాపూర్ దగ్గర టీ కొట్టతను ఒక కోయ తమ్ముణ్ణి పరిచయం చేశాడు. పొద్దంతా వెంట ఉండడానికి 700 రూపాయలు మాట్లాడుకున్నాం. ఈ ప్రయాణంలో పెట్టిన ఖర్చులన్నింటిలో దీనికే నా మనసు నిండింది. బుధవారం పొద్దున ఆరింటికే వచ్చి కాటేజీ ముందు నిలబడ్డాడు. "పెద్దమ్మా, ఎండ ఎక్కకముందే పోదాం" అన్నాడు అమ్మతో.

వంతెన అవతల మొదట ఆగింది నల్లమద్ది దగ్గర. బెరడు మొసలి వీపులా గళ్లుగళ్లుగా పగిలి ఉంటుంది. అమ్మ రాలిన ఆకు ఒకటి తీసి వెనక్కి తిప్పింది. తొడిమ మొదట్లో రెండు చిన్న బుడిపెలు, ఆవగింజంత. "ఇగో, ఈ రెండు కండ్లుంటె మద్ది" అంది. మా పాప చేతిలోని ఆకు వైపు, అమ్మ మొహం వైపు మార్చి మార్చి చూసింది. కాలేజీ పుస్తకంలో దాన్నే టెర్మినేలియా అని చదివి, ఆకు గ్రంథుల బొమ్మ గీసి మార్కులు తెచ్చుకుందట. చెట్టు ముందు నిలబడడం మాత్రం అదే మొదటిసారి. ఈ మద్ది ఆకు తినే పురుగే దసలి పట్టు అల్లుతుంది. మహాదేవ్‌పూర్ వైపు దసలి పట్టు చీరలు తెలిసినవాళ్లకు ఈ చెట్టు కూడా చూపించాలి.

కొంచెం పైకి ఎక్కితే తపసి చెట్టు. ఆకులన్నీ రాల్చి, తెల్లటి మానుతో, రాళ్ల మధ్య నిలబడి ఉంది. పొద్దుటి ఎండలో అది మెరిసిన మెరుపు నా ఫోన్ ఫొటోలో రాలేదు. దాని బంకే మన గిరిజనులు సేకరించి అమ్మేది. పక్కన నల్లజీడి. తమ్ముడు మమ్మల్ని దూరం జరగమన్నాడు, రసం తగిలితే ఒళ్లు బొబ్బలెక్కుతుంది. చాకలివాళ్లు బట్టల మీద గుర్తులు పెట్టింది ఈ జీడితోనే అని అమ్మ చెప్పింది. తన చిన్నప్పుడు తాత పంచె అంచున ఒక చుక్క ఉండేదట, ఎన్నిసార్లు ఉతికినా పోయేది కాదట.

ఇప్పచెట్టు కింద మాత్రం మేం ముగ్గురం కదల్లేదు. ఇప్పపువ్వు తెల్లవారకముందే రాలుతుంది. మేం వెళ్లేసరికి నేలంతా మీగడ రంగు పూలు, కండ పట్టి, గుండ్రంగా, తేనె నింపినట్టు. ఎండుటాకుల మీద ఒక్కొక్కటీ టప్ మని పడుతున్న చప్పుడు వినిపించింది. అమ్మ కింద కూర్చుని ఒకటి నోట్లో వేసుకుంది. నాకూ ఇచ్చింది. మొదట తీపి, తర్వాత ముక్కుపుటాలకు ఎక్కే ఒక ఘాటు వాసన. "ఎలుగులకు ఇది పాణం పెద్దమ్మా, అందుకే అడవిల ఇప్పచెట్టు కాడికి తెల్లారక ముందు ఒంటరిగ పోవద్దంటం" అన్నాడు తమ్ముడు. ఎండబెడితే కిస్మిస్‌లా అవుతుందని, కరువు రోజుల్లో జొన్నల్లో కలిపి ఉడికించుకునేవాళ్లమని అమ్మ చెప్పింది. ఇన్నేళ్లలో నాకు ఎప్పుడూ చెప్పని సంగతి అది. చెప్పడానికి ఆమెకు ఆ చెట్టు ఎదురుపడాల్సి వచ్చింది.

నేను చూసిన మానుల మీద పేరు పలకలు కనిపించలేదు. తెలిసినవాళ్లు వెంట లేకపోతే ఇదంతా పచ్చటి గోడలాగే కనిపిస్తుంది. మద్ది, తపసి, ఇప్ప, ఏగిస, సోమి, తాండ్ర అని ఒక్కో చెట్టుకు చిన్న పలక పెట్టి, తెలుగు పేరు, కోయ పేరు రెండూ రాస్తే, వంతెన మీద నుంచి వచ్చే బడిపిల్లలకు అంతకు మించిన పాఠం ఉండదు. ఊళ్లలోని కోయ యువకులకు శిక్షణ ఇచ్చి ఇలా తిప్పే పని ఇస్తే మరీ మంచిది.

పడవ గురించి ఒక మాట. వేగంగా పోయేదాంట్లో సరదా ఉంది కానీ పిట్టలన్నీ ముందే లేచిపోతాయి. నెమ్మదిగా పోయే పెద్ద పడవలో నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకోవడం, లకుముకి పిట్ట నీళ్లలోకి దూకి చేపతో లేవడం తీరిగ్గా చూశాం.

మధ్యాహ్నం రామప్ప. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక చాలామంది రాశారు కాబట్టి నేను పొడిగించను. జంగాలపల్లి దగ్గర మలుపు తిరగాలి, ఎండలో రాళ్లు కాలుతాయి, సాక్సులు తీసుకెళ్లండి.

తాడ్వాయి మీద నాకు ఆశ ఎక్కువ ఉండేది. ఏటూరునాగారం అభయారణ్యం లోపలి అడవి అది. 2024 ఆగస్టు 31 సాయంత్రం ఇక్కడ వీచిన సుడిగాలికి మేడారం వైపు అడవిలో 50,000కు పైగా చెట్లు పడిపోయాయి. ఆ జాగా చూడగానే అమ్మ మాట్లాడడం మానేసింది. వేర్లతో సహా లేచిన మానులు, నడుముకు విరిగినవి. కానీ విరిగిన టేకు మోడుల పక్కల నుంచి పిలకలు లేచాయి, ఒక్కో ఆకు చాటంత. అభయారణ్యం లోపలికి అనుమతి లేకుండా వెళ్లకూడదు, ఆకు కూడా తెంపకూడదు, మేం రోడ్డు మీద నుంచే చూశాం. తాడ్వాయిలో రాత్రి ఉండేవాళ్లు దోమల మందు, చేతిలో నగదు, టార్చి పెట్టుకోండి. మా ఫోన్లకు సిగ్నల్ అందలేదు.

ఒక్క రోజే ఉంటే ఈ మొత్తం బదులు పాఖాల చెరువుకు వెళ్లండి. వరంగల్ నుంచి దాదాపు 50 కిలోమీటర్లు, పొద్దున వెళ్లి సాయంత్రానికి రావచ్చు. కట్ట మీద నిలబడితే అడవి కళ్లెదుటే. రెండు రోజులున్నవాళ్లకు లక్నవరమే నా మాట, రాత్రి చెరువు దగ్గరే ఉండి, పొద్దున ఆరింటికి నడవాలి. తొమ్మిది దాటితే ఇప్పపూలు వాడిపోతాయి.

తునికి పండ్లు ఏప్రిల్ ఆఖరుకు పండుతాయి. అప్పుడు మళ్లీ పోదామని అమ్మ ఇప్పటినుంచే అంటోంది. ఆ తమ్ముడి నంబరు నన్ను అడిగి, తన బటన్ ఫోన్లో తానే ఎక్కించుకుంది.