రెండు ‘స్ట్రొమటోలైట్’ రాళ్లు కొన్నాను, ఒకటే నిజమైనది

తొమ్మిదో తరగతి పిల్లల చేతికి ఇవ్వాలని ఆన్‌లైన్‌లో ఒకే దుకాణం నుంచి సానపట్టిన రెండు రాళ్లు తెప్పించాను. రెండు పెట్టెల మీదా ‘స్ట్రొమటోలైట్ శిలాజం’ అనే ఉంది. స్ట్రొమటోలైట్ అంటే సూక్ష్మజీవులు పొరలు పొరలుగా పేర్చిన రాయి. కలిపి 3,200 రూపాయలు. దూదిలో చుట్టి పంపారు, ఒక్క అంచు కూడా విరగలేదు.

ఎర్ర రాయి అమెరికాలోని మిన్నెసోటాది, మేరీ ఎలెన్ జాస్పర్ అంటారు. వయసు దాదాపు 190 కోట్ల ఏళ్లు. పక్కనుంచి చూస్తే చిన్న చిన్న గిన్నెలను బోర్లించి ఒకదానిపై ఒకటి పేర్చినట్టు పొరలు వేళ్లలా పైకి లేచాయి. భూతద్దంతో ఒక వేలిలోని పొరలు లెక్కపెడుతూ నలభై దగ్గర ఆపేశాను. వాటిని పేర్చినవి కంటికి కనిపించని సూక్ష్మజీవులు! లోతు తక్కువ నీటి అడుగున అవి చాపలా పరుచుకుంటాయి. వాటి జిగురుకు ఒండ్రు రేణువులు అంటుకుంటాయి. ఒండ్రు కప్పేస్తే వెలుగు అందదు కనుక మళ్లీ పైకి పాకి కొత్త చాప అల్లుకుంటాయి. కింద మిగిలినది గట్టిపడి ఒక పొర అవుతుంది. చాలాచోట్ల ఈ పొరలు సున్నపురాయిగా మారాయి. నా రాతిలో వాటిని నిలిపి ఉంచినవి సిలికా, ఇనుము. ఆస్ట్రేలియాలోని షార్క్ బేలో ఇవి నేటికీ పెరుగుతున్నాయి, ఏడాదికి అర మిల్లీమీటరు కూడా ఉండదు.

మా బడి వేంపల్లె దగ్గర. ఈ ఊరి పేరే పెట్టిన డోలమైట్ (సున్నపురాయి లాంటిది) రాతి పొరల్లో స్ట్రొమటోలైట్లు ఉన్నాయి. వాటికి పైనున్న తాడిపత్రి పొరల్లోకి చొచ్చుకొచ్చి గట్టిపడిన శిలాద్రవం వయసే సుమారు 188 కోట్ల ఏళ్లు, కాబట్టి మావి అంతకంటే పాతవి. ఎర్ర రాతి మీది వంపును వేలితో తడిమి, “మా చేని గట్టు మీద రాయి కూడా ఇలాగే ఉంది టీచర్” అంది ఒక అమ్మాయి. పెట్టిన డబ్బంతా ఆ ఒక్క మాటకే చెల్లిపోయింది.

ఆకుపచ్చ రాయి మడగాస్కర్ నుంచి వచ్చే కంబాబా. పచ్చని నేల మీద నల్లని గుండ్రటి కళ్లు, చూడటానికి ఎంతో అందం. కానీ ఇది అగ్నిపర్వత శిల, సూక్ష్మజీవులకు దీనితో సంబంధం లేదు. స్ట్రొమటోలైట్ స్తంభాన్ని అడ్డంగా కోస్తే వలయాలు, నిలువుగా కోస్తే విల్లులు కనిపించాలి. దీనికి ఎటు చూసినా అవే గుండ్రాలు, లోపల పొరల జాడే లేదు. అమ్మకందారుకు రాస్తే “అందరూ ఆ పేరుతోనే అమ్ముతున్నారు” అని జవాబిచ్చారు. చాలా కోపం వచ్చింది. పెట్టె మీద అచ్చయిన మాటను పిల్లలు నమ్ముతారు.

ఎర్ర రాయికి ఐదు నక్షత్రాలు, పచ్చదానికి ఒకటి, అదీ ప్యాకింగుకే. కొనేవారు ముందే అడ్డకోత, నిలువుకోత రెండింటి ఫోటోలూ అడగండి. పచ్చ రాయిని నేను తిప్పి పంపలేదు. పాత చీటీ చింపేసి ‘అగ్నిపర్వత శిల, మడగాస్కర్’ అని రాసి ఎర్ర రాయి పక్కనే పెట్టాను.