బంగారు గాజు వంగింది సరే, ఎందుకు వంగిందో చెప్పిన కొట్టు

ప్రొద్దుటూరులో బంగారం కొట్లకు కరువు లేదు. అయినా ఈ రివ్యూ అద్దాల షోరూం గురించి కాదు, బజారు వెనక సందులో ఒక కుంపటి, ఒక దాగలి, రెండు స్టూళ్లు పట్టేంత జాగాలో పనిచేసే ఒక ఆచారి గారి గురించి. బోర్డు కూడా లేదు. ఐదుకి నాలుగున్నర ఇస్తున్నా, ఆ అర ఎందుకు కోశానో తర్వాత చెప్తా.

అమ్మకి 22 క్యారెట్ల గాజుల జత ఉంది, రెండూ కలిపి 24 గ్రాములు. ఒకటి అతుకు దగ్గర విడిపోతే కొన్న షోరూంలోనే ఇచ్చాం. అతుకు వేశారు, పాలిష్ పెట్టారు, పెట్టెలో పెట్టి మరీ ఇచ్చారు. పది రోజులు కాలేదు, అమ్మ నీళ్ల బకెట్ ఎత్తి చూసుకుంటే గాజు కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చేసింది. జతలో రెండోది మాత్రం పదేళ్లుగా గుండ్రంగానే ఉంది! వెళ్లి అడిగితే "మేడం, 916 హాల్‌మార్క్ చూడండి, ప్యూరిటీ గ్యారంటీ" అన్నారు. నేను అడిగింది ప్యూరిటీ గురించి కాదు కదా. వెయ్యి పాళ్లలో 916 పాళ్లు బంగారం ఉందని మాత్రమే హాల్‌మార్క్ చెప్తుంది, గాజు గట్టిదో మెత్తదో దానికేం తెలుసు?

ఆచారి గారు గాజును రెండు వేళ్లతో కాస్త నొక్కి వదిలారు. "కాల్చి వదిలేసినారు పాపా, కొట్టలేదు" అన్నారు. అంతే. నేను మెటలర్జీ చదివినదాన్ని, ఈ ముక్క నాకు ముందే తట్టి ఉండాల్సింది, తట్టలేదు.

లోహం వంగడమంటే లోపల అణువుల వరసలు ఒకదాని మీద ఒకటి జరగడం. వరస మొత్తం ఒకేసారి జరగదు. పెళ్లి పందిట్లో పెద్ద జంపఖానా జరపాలంటే ఒక పక్క చిన్న మడత లేపి దాన్ని అటు చివరికి తోస్తారు చూడండి, అలాగన్నమాట. ఆ మడతనే డిస్లొకేషన్ అంటారు, 1934లో టేలర్, ఒరోవాన్, పొలాన్యి అనే ముగ్గురు శాస్త్రవేత్తలు ఎవరికి వారే ఈ సంగతి చెప్పారు. సుత్తితో కొట్టేకొద్దీ ఈ మడతలు లెక్కలేనన్ని పుట్టి, ఒకదానికొకటి చిక్కుపడి కదల్లేకపోతాయి, దాంతో లోహం గట్టిపడుతుంది. టంకం వేయడానికి మంట పెడితే బంగారంలో వేడి ఇట్టే పాకుతుంది, అతుకు దగ్గరే కాదు గాజంతా చిక్కులు విడిపోయి మెత్తబడుతుంది. ఆ తర్వాత మళ్లీ కొట్టి గట్టిపరచాలి. మా గాజుకి ఆ పని మానేసి పాలిష్‌తో సరిపెట్టారు.

నేను కూర్చున్నంతసేపూ ఆయన ఇంకెవరి కమ్మలకో తీగ లాగుతున్నారు. కమ్మచ్చులో (తీగను సన్నగా లాగే చిల్లుల పలక) నాలుగు రంధ్రాలు దాటేసరికి తీగ మొరాయించింది, వెంటనే లైటు ఆపేశారు. కరెంటు పోయిందనుకున్నా. కాదు, చీకట్లో అయితేనే బంగారం ఎర్రబడే రంగు సరిగ్గా కనబడుతుందట. కాల్చి, నీళ్లలో ముంచి, చింతపండు నీళ్లలో కడిగి మళ్లీ లాగారు. ఎక్కువ కాలిస్తే పైన బత్తాయి తొక్కలా గరుకు తేలుతుందన్నారు. లోపలి రేణువులు పెద్దవైపోవడమే దానికి కారణం, ఆయన ఆ మాట వాడలేదు గానీ.

రాగి గురించి అడిగితే "వెండి కలిపితే మెత్తన, రాగి కలిపితే బిరుసు" అన్నారు. నిజమే, వెండి అణువు దాదాపు బంగారం అణువంతే ఉంటుంది, రాగిది 11 శాతం దాకా చిన్నది. ఆ తేడా వల్లే మడతకి దారిలో గతుకులు తగులుతాయి.

ఊరుకోలేక నేనూ ఒకటి చెప్పాను. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో జూలియా గ్రీర్, విలియం నిక్స్ అనే పరిశోధకులు 300 నానోమీటర్ల మందం బంగారు స్తంభాలు చెక్కి నొక్కి చూశారు, 2006లో ఆ పేపర్ వచ్చింది. వెంట్రుక మందంలో వందో వంతు కూడా లేని ఆ స్తంభం దాదాపు 800 మెగాపాస్కల్స్ ఒత్తిడి తట్టుకుంది, మామూలు బంగారం కంటే ఎన్నో రెట్లు. గాజులో అయితే మడతల రద్దీ వల్ల బలం, అక్కడేమో మడతలు పిల్లల్ని పెట్టేలోపే అంచు దాటి బయటికి పోతాయి, లోపల మిగిలేవే ఉండవు, వరస జరగడానికి మడతే దొరకదు, కాబట్టి బలం. ఆయన అంతా విని "అంత సన్నదానికి అతుకెట్లా ఏస్తారు పాపా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

మన గాజు సంగతికొస్తే, కోసుగా ఉన్న ఇనప కడ్డీకి తొడిగి, కొయ్యసుత్తితో తిప్పుతూ తిప్పుతూ పావుగంట కొట్టారు. మొదట్లో మొద్దుగా వచ్చిన చప్పుడు పోనుపోను కాస్త కంగుమంది. మంట ముట్టించలేదు. ముందూ వెనకా నా కళ్లముందే తూచారు, 12.14 గ్రాములు, మళ్లీ 12.14. మూడొందలు తీసుకున్నారు. రెండు నెలలైంది, అదే బకెట్, అదే చెయ్యి, గాజు గుండ్రంగానే ఉంది.

ఇక ఆ అర మార్కు. మంగళవారం రమ్మని శనివారం దాకా తిప్పారు, ఫోన్ ఎత్తరు, బిల్లు అడిగితే క్యాలెండర్ కాగితం వెనక రాసిచ్చారు. వెళ్లేవాళ్లు మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య మాత్రం వెళ్లకండి, తలుపు దగ్గరికి వేసుకుని నిద్రపోతుంటారు.