పై పెదవికి అర మిల్లీలీటరు: హైదరాబాద్‌లోని ఒక కాస్మెటిక్ క్లినిక్ గురించి, పది నెలల తర్వాత

పది నెలల కిందట హైదరాబాద్‌లోని ఒక కాస్మెటిక్ సర్జరీ క్లినిక్‌లో నా పై పెదవికి ఫిల్లర్, అంటే పెదవి నిండుగా కనబడేందుకు సూదితో ఎక్కించే జెల్, చేయించుకున్నాను. వాపు తగ్గకముందే రాసే అభిప్రాయానికి విలువ ఉండదని ఇన్నాళ్లూ ఆగాను. క్లినిక్ పేరు రాయడం లేదు. అక్కడ ఏం చూశాను, ఏం అడిగాను, ఎందుకు శస్త్రచికిత్స వద్దనుకున్నాను అన్నదే చదివేవారికి ఎక్కువ పనికొస్తుందని నా ఉద్దేశం.

నా వయసు 46. డిగ్రీ కళాశాలలో తెలుగు చెబుతాను. మొదటినుంచీ సన్నగా ఉన్న నా పై పెదవి నలభై దాటాక మరింత లోపలికి ముడుచుకుంది. ముక్కుకూ పెదవికీ నడుమ జాగా పొడవైనట్టు కనిపించసాగింది. వయసుతో పై పెదవి చర్మం సాగి కిందికి దిగడం, నవ్వినప్పుడు పై పళ్లు తక్కువగా కనబడడం అందరికీ జరిగేదే. అయినా అద్దంలో అది నా ముఖంలా అనిపించడం మానేసింది.

మొదట వెళ్లిన చోటు వేరు. అక్కడ డాక్టరుకన్నా ముందు ఒక కౌన్సెలర్ కూర్చోబెట్టి, నా ఫొటోను తెరమీద మార్చి చూపి, పై పెదవికీ కింది పెదవికీ 1:1.6 నిష్పత్తి ఉంటేనే అందమని వివరించింది. ఒక మిల్లీలీటరు సిరంజి కొంటే సగం ఇప్పుడు వేసి, మిగిలింది ఫ్రిజ్‌లో దాచి తర్వాత వేస్తారట. ఆ రోజే డబ్బు కడితే తగ్గింపు కూడా ఉందట. ఒకసారి తెరిచిన సిరంజిని దాచి మళ్లీ వాడితే ఇన్ఫెక్షన్ వచ్చే అవకాశం ఉందని తర్వాత తెలిసింది. అప్పటికి మాత్రం తగ్గింపు మాట నచ్చకే లేచి వచ్చేశాను.

ఆ నిష్పత్తి సంగతి తర్వాత చాలాసేపు ఆలోచించాను. మన చుట్టూ రెండు పెదవులూ దాదాపు సమానంగా నిండుగా ఉండి, చూడముచ్చటగా ఉన్న ముఖాలు ఎన్నో ఉన్నాయి. వాటిని ఆ లెక్కలో ఇమిడించబోతే చెడిపోతాయి. మన కవులు పెదవిని బింబఫలంతో, అంటే పండిన దొండపండుతో పోల్చారు, చిగురుటాకుతో పోల్చారు. (దొండకాయను పచ్చిగానే వేపుడు చేసుకునే మనకు ఆ పండు ఎరుపు గుర్తుండకపోవచ్చు.) ఆ పోలికల్లో ఉన్నది రంగు, నునుపు, లేతదనం. పరిమాణం గురించిన ఆరాటం వాటిలో నాకు కనబడదు.

రెండో క్లినిక్‌లో ప్లాస్టిక్ సర్జన్ స్వయంగా ముప్పావుగంట మాట్లాడారు. ముందు నాచేత పాఠం చెప్పినట్టు మాట్లాడించి, నవ్వించి వీడియో తీశారు. ప, ఫ, బ, భ, మ పలకమన్నప్పుడు, ఏళ్లతరబడి తరగతిలో ఓష్ఠ్యాలని చెబుతున్న అక్షరాలను నేనే విద్యార్థినిలా అప్పజెబుతున్నానని నవ్వొచ్చింది. కానీ ఆ పద్ధతి సరైనదే. పెదవి రోజంతా కదిలే అవయవం. నిశ్చలంగా ఉన్న ఫొటోలో బాగున్న పెదవి మాట్లాడేటప్పుడు బిగుసుకుపోయినట్టు ఉంటే ఆ అందం దండగ.

నేను అడగడానికి వెళ్లింది లిప్ లిఫ్ట్ గురించి. అందులో ముక్కు అడుగున కొన్ని మిల్లీమీటర్ల చర్మాన్ని కోసి తీసేసి, పెదవిని పైకి జరిపి కుట్లు వేస్తారు. ఫలితం శాశ్వతం, మచ్చ కూడా శాశ్వతమే. ముక్కు నీడలో దాగితే అదృష్టం. కొందరికి పై పెదవి కొన్ని నెలలు మొద్దుబారినట్టు ఉంటుంది. ఎక్కువ తీసేస్తే పెదవులు మూసుకోవడమే కష్టమవుతుంది, తీసిన చర్మాన్ని మళ్లీ తెచ్చి పెట్టలేరు. ఆయన ఇవన్నీ చెప్పి, నా చెవి వెనక్కి తిప్పి చూశారు. చిన్నప్పుడు చెవి పైభాగం కుట్టించినచోట నాకు శనగగింజంత గట్టి మచ్చ ఉంది. మన వంటి చామనఛాయ చర్మాల్లో ఇలాంటి కీలాయిడ్ మచ్చలు ఎక్కువని, అది ముఖం మధ్యలో లేస్తే దాచే దారి ఉండదని, కాబట్టి తాను కత్తి పట్టనని అన్నారు. ఎక్కువ డబ్బు వచ్చే పనిని కాదన్నందుకే ఆయనపై నమ్మకం కుదిరింది.

మిగిలింది హయలురోనిక్ ఆమ్లంతో చేసిన ఫిల్లర్. అది మన శరీరంలో సహజంగా ఉండే పదార్థమే. పెదవుల్లో సుమారు ఆరు నెలల నుంచి ఏడాది నిలిచి క్రమంగా కరిగిపోతుంది. అలాగని దాన్ని తేలిక పని అనుకోకూడదు. ముఖ ధమనినుంచి వచ్చే శాఖలు రెండు పెదవుల్లోనూ ఉంటాయి. పొరపాటున మందు వాటిలోకి వెళ్లినా, వాటిని గట్టిగా నొక్కినా రక్తం ఆగి, చర్మం తెల్లబడి, తర్వాత వలలా నీలిమచ్చలు కట్టి, చికిత్స ఆలస్యమైతే ఆ భాగం చచ్చిపోతుంది. అప్పుడు వెంటనే హయలురోనిడేజ్ అనే ఎంజైమును ఎక్కించి ఫిల్లర్‌ను కరిగించాలి. అది మీ దగ్గర ఇప్పుడు ఉందా అని అడిగితే, నర్సు ఫ్రిజ్ తెరిచి సీసా, గడువు తేదీ చూపించింది. ఏ క్లినిక్‌కు వెళ్లినా డబ్బు కట్టకముందే ఈ ఒక్క ప్రశ్న అడగండి. కరగని సిలికాన్ వంటివి ఎక్కిస్తామన్నచోట ఈ రక్షణ కూడా ఉండదు.

వేచి ఉన్న గదిలో ఇంటర్ చదివే అమ్మాయి తల్లితో కూర్చుని ఉంది. ఇంగ్లండ్‌లో 2021 అక్టోబరు 1 నుంచి పద్దెనిమిదేళ్లలోపు వారికి అందం కోసం ఫిల్లర్లు వేయడం నేరం. అమెరికాలో 2011లో పెదవుల ఫిల్లర్‌కు అనుమతి ఇచ్చినప్పుడు ఇరవై ఒక్కేళ్లు దాటినవారికే ఇచ్చారు. ఆ అమ్మాయిని లోపల ఏమన్నారో కానీ, పది నిమిషాల్లో ముఖం ముడుచుకుని బయటికి వచ్చింది. నాకు సంతోషమే కలిగింది.

జ్వరం వచ్చినప్పుడు పెదవిమీద నీటిపొక్కులు లేచే అలవాటు నాకుంది కనుక రెండు రోజుల ముందే మాత్రలు ఇచ్చారు. మత్తు క్రీము రాసి అరగంట ఉంచి, నా ఎదుటే అర మిల్లీలీటరు సిరంజి విప్పి వాడారు. టీ చెంచాలో పదోవంతు మందు అది. నొప్పి భరించగలిగేదే. రెండో రోజు వాపు మాత్రం భయపెట్టింది. ‘భీముడు’ అనబోతే పెదవులు సరిగా కలవలేదు. నాలుగో రోజుకు తగ్గింది, కమిలిన మచ్చ పోవడానికి వారం పట్టింది, ఆవకాయ జోలికి పది రోజులు పోలేదు. రెండు వారాలకు వెళ్లి ఇంకొంచెం వేయమంటే ఆయన ఒప్పుకోలేదు. ఎక్కువైతే మందు పెదవి అంచు దాటి పైకి జరిగి చిన్న గట్టులా కనిపిస్తుందన్నారు.

లోపాలు లేకపోలేదు. నాలుగు పేజీల సమ్మతి పత్రం ఇంగ్లీషులోనే ఉంది. తెలుగు మాత్రమే చదవగలిగేవారు దేనికి సంతకం చేస్తున్నారో తెలుసుకునే వీలు లేదు. సమయం తీసుకుని వెళ్లినా గంటా నలభై నిమిషాలు కూర్చోబెట్టారు. రెండో రాత్రి వాపు చూసి ఫోను చేస్తే నర్సే మాట్లాడింది, డాక్టరు మర్నాటిదాకా దొరకలేదు. రక్తం ఆగడం వంటి ప్రమాదంలో గంటలే కీలకం కనుక ఇది చిన్న లోపం కాదు. ఫిల్లర్‌కు 18 వేలు, కన్సల్టేషన్‌కు 800 రూపాయలు తీసుకున్నారు.

ఫలితం నాకు నచ్చింది. మా అక్క నన్ను చూసి, ‘ఈమధ్య నిద్ర బాగా పడుతున్నట్టుందే’ అంది. పెదవి సంగతి కనిపెట్టలేదు. కిందటి వారం వెళితే డాక్టరు పాత వీడియోనూ కొత్త వీడియోనూ పక్కపక్కన పెట్టి చూపించారు. మందు చాలావరకు కరిగింది, కానీ ఇంకా కొంత ఉంది. మళ్లీ వేయించుకోవాలంటే వేసవి సెలవుల దాకా ఆగమని, వాచిన పెదవితో పాఠం చెప్పలేరని అన్నారు. సరేనన్నాను. కన్సల్టేషన్‌కు మాత్రం మళ్లీ 800 తీసుకున్నారు.