ప్రాణహిత ఒడ్డున సైకిల్ మీద: చెన్నూరు, సిరోంచ, కాళేశ్వరం, మంథని

వరంగల్‌లో సైకిల్ టూర్ అనగానే అందరి నోటా వచ్చేవి రామప్ప, లక్నవరం. రెండూ మంచివే, వాటి సంగతి తర్వాత చెబుతాను. కానీ బ్యాగులు కట్టుకుని, హారన్ల మోత లేకుండా గంటల తరబడి తొక్కాలనుకునేవాళ్లు ఇంకొంచెం ఉత్తరానికి పోవాలి. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే ఆ మూలన తెలంగాణకూ మహారాష్ట్రకూ నదే సరిహద్దు. ఒకప్పుడు అవతలి ఒడ్డుకు పోవాలంటే నాటు పడవే దిక్కు. ఇప్పుడు రాపన్‌పల్లి దగ్గర ప్రాణహిత మీద ఒక వంతెన, కాళేశ్వరం దగ్గర గోదావరి మీద ఇంకో వంతెన ఉన్నాయి. అందుకే మంచిర్యాలలో రైలు దిగి చెన్నూరు, సిరోంచ, కాళేశ్వరం, మంథని మీదుగా పెద్దపల్లిలో మళ్లీ రైలెక్కేలా చక్కటి దారి కుదురుతుంది. ఈ రెండు స్టేషన్లూ కాజీపేట లైనులోవే కాబట్టి వరంగల్ వాళ్లకు రాకపోకల టెన్షన్ లేదు.

మొదటి ముక్క మాత్రం బాగుండదు. మంచిర్యాల నుంచి జైపూర్ దాకా సింగరేణి థర్మల్ ప్లాంటు వల్ల బొగ్గు, బూడిద లారీలు ఎక్కువ. తెల్లవారకముందే బయల్దేరి, వెనక ఎర్ర లైటు వెలిగించుకుని, ఎక్కడా ఆగకుండా దాటేయాలి. చెన్నూరు దగ్గరపడే కొద్దీ రద్దీ పలచబడుతుంది.

చెన్నూరులో ఒక పూటైనా ఆగాలి. తూర్పుకు పోయే గోదావరి ఇక్కడ ఉత్తరానికి మళ్లుతుంది. ఉత్తరవాహినిలో స్నానానికి చుట్టుపక్కల ఊళ్లవాళ్లు వస్తుంటారు. అగస్త్యేశ్వర స్వామి గుళ్లో అఖండ జ్యోతి చూసి బయటికొస్తే పక్క సందుల్లో టిఫిన్ బండ్లుంటాయి. ఉప్మా, మిర్చి బజ్జీ, ఆ పైన అల్లం చాయ్. లాడ్జీలు మామూలువే. గది చూపించమని అడిగే ముందు సైకిల్ లోపల పెట్టుకోనిస్తారా అని అడగండి. నేను దిగిన చోట ఓనరు మారుమాట్లాడకుండా మెట్ల కింద ఉన్న బియ్యం బస్తాలు జరిపించి చోటిచ్చాడు.

అసలు దారి చెన్నూరు దాటాకే మొదలవుతుంది. కోటపల్లి వైపు పోయే రోడ్డు పేరుకు జాతీయ రహదారి 63 అయినా, పొద్దున పూట పత్తి ఆటోలు, స్కూలు పిల్లలు తప్ప పెద్దగా ఎవరూ కనపడరు. నా మాట వింటే రహదారినే పట్టుకుని పోకండి. నది వైపు చీలే ఊరి రోడ్లలోకి దిగండి. అర్జునగుట్ట దగ్గర ప్రాణహిత ఒడ్డు దాకా సైకిల్ పోతుంది. 2022 ఏప్రిల్‌లో పుష్కరాలకు జనం పోటెత్తిన ఘాటు అది. మామూలు రోజుల్లో ఇద్దరు ముగ్గురు చేపలు పట్టేవాళ్లు, బట్టలుతికే ఆడవాళ్లు, అంతే. వార్ధా, వైన్‌గంగా కలిస్తే ప్రాణహిత. గోదావరిలో కలిసే నదులన్నింట్లోకీ పెద్దది. ఎగువన గోదావరి ఇసుక మేటలు వేసుకుని ఎండిపోయిన రోజుల్లో కూడా దీనిలో నీళ్లు పారుతుంటాయి.

ఈ ఊళ్ల పొలిమేరల్లో మద్దిచెట్ల మీద దసలి పట్టు పెంచుతారు. ఇంట్లో తట్టల్లో మల్బరీ ఆకు వేసి పెంచే పట్టు కాదిది, చెట్టు మీదే ఎండకూ గాలికీ పెరిగేది. ఒక చోట సైకిల్ ఆపి చూస్తుంటే, గులేరు (ఉండేలు) చేతిలో పట్టుకుని చెట్టు కింద కూర్చున్న పెద్దాయన దగ్గరికి పిలిచాడు. ఆకు తిరగేసి పురుగును చూపించాడు. చిటికెన వేలికన్నా లావు, ఆకు రంగులోనే కలిసిపోయింది. పక్క కొమ్మకు కట్టిన కాయ, అంటే పురుగు తన చుట్టూ అల్లుకునే పట్టు గూడు, కోడిగుడ్డంత గట్టిగా ఉంది. దాని తొడిమను పురుగు కొమ్మ చుట్టూ ఉంగరంలా చుట్టి బిగిస్తుందట. ఎంత గాలొచ్చినా ఊడదు.

"పొద్దుమూకిందాక ఈడ్నే ఉంటం బిడ్డా. జర కన్ను మలిపినమంటే కాకులు ఏరుకపోతయి. చీమలు, కందిరీగలు వేరే."

నాకు నీళ్లిచ్చి, "ఎటు పోతున్నవ్?" అని అడిగాడు. సిరోంచ అంటే, ఎండ ముదరకముందే వంతెన దాటమన్నాడు. ఈ దారి మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చిన చోటు ఆ మద్దిచెట్ల నీడే. పురుగు చెట్ల మీద ఉండేది వానాకాలం నుంచి చలికాలం మొదలయ్యేదాకా కాబట్టి నవంబరులో పోతే కాయను చూడొచ్చు. మీరుగా చెట్టును ముట్టుకోకండి, అది వాళ్ల ఏడాది కష్టం.

రాపన్‌పల్లి వంతెన మీద రెండు పక్కలా నది బారుగా కనపడుతుంది. అవతల పోలీసులు ఆపి పేరు, ఊరు అడిగి రాసుకున్నారు. మావోయిస్టుల ప్రభావం ఉండిన ప్రాంతం కాబట్టి అడగడం మామూలే. ఆధార్ కార్డు పైజేబులో పెట్టుకుంటే రెండు నిమిషాల పని.

సిరోంచ మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా ఊరే అయినా బజార్లో తెలుగు బాగా నడుస్తుంది. బోర్డులు మరాఠీలో, బేరాలు తెలుగులో. పొద్దున హోటల్లో పోహా పెడతారు, అడిగితే ఇడ్లీ కూడా ఉంటుంది. బ్రిటిష్ కాలంలో అప్పర్ గోదావరి జిల్లాకు ఇదే కేంద్రం. గోదావరి మీదుగా లోపలి దాకా పడవలు నడపాలని అప్పట్లో పెద్ద ప్రయత్నమే జరిగింది. ఈ తాలూకా నేలకు అంతకన్నా పాత చరిత్ర ఉంది. కొత్తగా చదువుకునే పిల్లలుంటే తప్పకుండా చెప్పండి. బారపాసారస్ అనే డైనోసార్ ఎముకలు ఈ తాలూకాలోని పోచంపల్లి దగ్గరే దొరికాయి. ఇప్పుడవి కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. ప్రాణహితకు మన వైపున యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటాసారస్ హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబడి ఉంది. ఆ ఎముకలున్న రాతి పొరకు పేరు కూడా సిరోంచకు ఎగువనున్న కోటా అనే పల్లె నుంచే వచ్చింది.

బస విషయంలో మాత్రం సిరోంచ నన్ను నిరాశపరిచింది. నేను దిగిన లాడ్జిలో దుప్పటి ఉతికినది కాదు, రాత్రంతా దోమలు, వేడినీళ్లు అడిగితే పొద్దున ఎనిమిదికి అన్నారు. సైకిల్ మనిషికి ఎనిమిదంటే సగం రోజు. మధ్యాహ్నానికే సిరోంచ చేరితే అక్కడ తిని, ఊరంతా తిరిగి, సాయంత్రానికి కాళేశ్వరం వంతెన దాటేయడం మేలు. దూరం తక్కువే.

కాళేశ్వరంలో దేవస్థానం గదులు శుభ్రంగా ఉన్నాయి. భోజనం సాదా మెస్‌లో అన్నం, పప్పు, వంకాయ కూర, మజ్జిగ. రోజంతా తొక్కి వచ్చినవాడికి అడిగినంత అన్నం వడ్డించడమే గొప్ప సేవ, ఆ మెస్ ఆమె అడగకముందే వడ్డించింది. గుళ్లో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు, యముడిదొకటి, ముక్తేశ్వరుడిదొకటి. త్రివేణి సంగమమని పేరు, సరస్వతి అంతర్వాహిని. 2025 మేలో సరస్వతి పుష్కరాలు జరిగింది ఇక్కడే. ఘాటు కోసం వెళ్లేవాళ్లు పొద్దున్నే వెళ్లాలి, తొమ్మిదయ్యేసరికి బస్సులు దిగుతాయి. కార్తీక సోమవారాలు, శివరాత్రి రోజుల్లో మాత్రం గది మీద ఆశ పెట్టుకోకండి.

మేడిగడ్డ బరాజు చూద్దామని చాలామంది అడుగుతారు. 2023 అక్టోబరులో పిల్లర్లు కుంగినప్పటి నుంచి కట్టడి ఎక్కువ. దానికోసం సైకిల్ తిప్పుకుని పోవడం దండగ.

కాళేశ్వరం నుంచి మహదేవ్‌పూర్ దాకా టేకు అడవి మధ్య రోడ్డు. నీడ బాగుంది, తారు బాగుంది, కానీ ఇసుక లారీలతోనే బాధ. నది ఇసుక నింపుకుని వరసగా వస్తాయి, అంచున పోయేవాణ్ణి లెక్కచేయరు. లోడు మీద పరదా లేకపోతే ఇసుక కళ్లలో పడుతుంది. ఇంత అందమైన అడవి దారిని ఒక ఐదారు గంటలైనా లారీలకు బంద్ చేస్తే సైకిల్ వాళ్లకే కాదు, బడికి నడిచిపోయే పిల్లలకూ ప్రాణభయం తప్పుతుంది. నేను తెల్లవారుజామున వెళ్లాను కాబట్టి సగం దూరం ప్రశాంతంగా సాగింది. కళ్లద్దాలు లేకుండా ఈ ముక్క తొక్కకండి.

మహదేవ్‌పూర్‌లో దసలి పట్టు నేస్తారు. చెన్నూరు వైపు చెట్టు మీద చూసిన కాయ ఇక్కడ తేనె రంగు బట్ట అవుతుంది. మగ్గం దగ్గర నిలబడి అడిగితే విసుక్కోకుండా చూపించారు. కొనేవాళ్లు నేసేవాళ్ల దగ్గరే కొనండి.

కాటారం నుంచి మంథని దారిలో మానేరు ఒడ్డున అడవి సోమనపల్లి గుహాలయాలు తప్పక చూడాలి. రాతిని తొలిచి చేసిన చిన్న గుళ్లు, చుట్టూ చెట్లు, పెద్ద బోర్డు కూడా కనపడదు. మంథనిలో పాత ఇళ్లు, గోదావరి రేవు చూసి, రామగిరి ఖిల్లా పక్కగా పెద్దపల్లి చేరొచ్చు.

సామాను సంగతి. 700 సి ట్యూబులు (రోడ్డు సైకిళ్ల సన్న చక్రాలవి), ప్రెస్టా అనే సన్న వాల్వుకు సరిపోయే పంపు ఈ దారిలో దొరకవు. ఊరి సైకిల్ షాపుల్లో మామూలు సైకిళ్ల ట్యూబులే ఉంటాయి. తుమ్మ ముళ్లు, పల్లేరు కాయలు విపరీతం కాబట్టి రెండు ట్యూబులు, ప్యాచులు పెట్టుకోండి. ఫోన్ సిగ్నల్ అడవిలో పోతుంది, మ్యాపు ముందే దించుకోండి. కొంత నగదు కూడా ఉండాలి. కోటపల్లి, చెన్నూరు అడవుల్లోకి మహారాష్ట్ర వైపు నుంచి పులులు వస్తుంటాయి, సాయంత్రం ఐదు దాటాక రోడ్డు మీద ఉండకండి. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్యలోనే పోవాలి.

ఇంటిల్లిపాదితో పోయేవాళ్లకు, మొదటిసారి టూర్ చేసేవాళ్లకు మాత్రం ములుగు వైపే చెబుతాను. లక్నవరంలో టూరిజం వాళ్ల కాటేజీలున్నాయి, చెరువు మీద వేలాడే వంతెన ఉంది, తిండికి ఇబ్బంది లేదు. శని, ఆదివారాలు మాత్రం స్పీకర్ల గోల. 1213 నాటి రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక జనం ఇంకా పెరిగారు. ములుగు నుంచి పెద్ద రోడ్డు వదిలి జంగాలపల్లి, వెంకటాపూర్ మీదుగా రామప్ప గుడి ఉన్న పాలంపేటకు పోతే పొలాల మధ్య మంచి దారి. మంగళ, బుధవారాల్లో పెట్టుకోండి, గుడి తెరిచే వేళకు అక్కడుండేలా బయల్దేరండి.