ఎగ్మూరు మ్యూజియంలో అమరావతి రాళ్లు: చూడాల్సినవి, చూపించనివి

విజయవాడ రైలు దిగి చెన్నై సెంట్రల్లో మెట్రో ఎక్కితే ఎగ్మూరు ఒక్క స్టేషనే. అక్కణ్నుంచి పాంథియన్ రోడ్డులోని ప్రభుత్వ మ్యూజియం నడక దూరం. శుక్రవారం సెలవు, మిగతా రోజుల్లో ఉదయం 9.30 నుంచి సాయంత్రం 5 దాకా. మరమ్మతులని ఏదో ఒక గది మూసి ఉండొచ్చు కాబట్టి అమరావతి బౌద్ధ స్తూపపు శిల్పాలున్న గది తెరిచారో లేదో టికెట్టు కొనకముందే అడగండి. కంచు విగ్రహాలది వేరే భవనం. దాన్ని ఇంకో రోజుకు ఉంచుకోండి, లేకపోతే రెండూ కలగాపులగమవుతాయి.

లోపలికి వెళ్లగానే ముందు స్తూపం బొమ్మ చెక్కిన పలక వెతకండి. కింద గుండ్రటి వేదిక, దాని మీద అండం, అంటే గుమ్మటం, నాలుగు దిక్కులా ముందుకొచ్చిన ఆయకాలనే అరుగుల మీద ఐదేసి స్తంభాలు, చుట్టూ ప్రాకారం. మహాచైత్యం, అంటే అమరావతి స్తూపం, నిలబడి ఉన్నప్పటి రూపం ఇదే. ప్రాకారంలో నిలువుది స్తంభం, రెండు స్తంభాల మధ్య దూర్చిన అడ్డకమ్మి సూచి, పైన వరసగా పేర్చినది ఉష్ణీషం. ఈ మూడూ పట్టుబడితే గోడ మీదున్న విరిగిన ముక్క ఎక్కడిదో మీరే పోల్చుకుంటారు.

ఆ తర్వాత నాలగిరి పతకం, అంటే బుద్ధుడి మీదికి ఉసిగొల్పిన మదపుటేనుగు నాలగిరి కథ చెక్కిన గుండ్రటి శిల్పం. ఒకే గుండ్రటి చట్రంలో ఏనుగు రెండుసార్లు కనిపిస్తుంది. ఒకవైపు వీధిలో జనాన్ని తొక్కుతూ, మరోవైపు బుద్ధుడి ముందు మోకరిల్లి. అది తెలియక రెండు ఏనుగులనుకుని వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. మేడ కిటికీల్లోంచి తొంగిచూసే ముఖాలకు కాస్త సమయమివ్వండి. ఇంకా పాత పలకల్లో బుద్ధుడి మనిషిరూపం ఉండదు. ఖాళీ సింహాసనం, పాదాలు, బోధివృక్షం, అంతే.

శాసనాలు చదవాలనుకుంటే వెలుగు ఎదురుగా పడకూడదు. కాపలావాళ్ల అనుమతితో ఫోను లైటు పక్కనుంచి ఏటవాలుగా పట్టండి, బ్రాహ్మి అక్షరాలకు నీడ వచ్చి గీతలు తేలతాయి. భాష ప్రాకృతం. చాలావరకు దాతల పేర్లు. అమరావతి శాసనాల్లో ఒకటి ఉపాధ్యాయుడు నాగుడి కొడుకు, చర్మకారుడు విధికుడిది. తల్లీ భార్యా అన్నదమ్ములూ కొడుకులూ కూతుళ్లతో కలిసి పూర్ణఘటపు పలక ఇచ్చానని రాయించుకున్నాడు. తండ్రి ఉపాధ్యాయుడు, కొడుకు తోళ్లపని! తర్వాతి శతాబ్దాల కులపట్టికలో ఇమడని కుటుంబం.

రాళ్లకు ఐదుకు ఐదు. చూపించే తీరుకు రెండున్నర. రాయి ఇక్కడికెలా వచ్చిందో అన్నదే అసలు కథ, ఆ కథ చెప్పే ఏర్పాటు తక్కువ. అందరూ పాలరాయి అంటారు గానీ ఇది పల్నాటి సున్నపురాయి. ఉలికి లొంగే మెత్తదనం దాని గుణం, బట్టీలో కాలిస్తే సున్నమవడం దాని శాపం. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు చింతపల్లి నుంచి రాజధానిని అమరావతికి మార్చినప్పుడు, కూలిన స్తూపం మిగిల్చిన దిబ్బలోని రాళ్లు కొత్త కట్టడాల్లోకి వెళ్లాయి. కొన్ని సున్నమయ్యాయి. 1798లో దిబ్బను చూసిన కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ 1816లో మళ్లీ వచ్చేసరికి దాని నడుమ చెరువు తవ్వి ఉంది. అమరేశ్వరాలయాన్ని బాగుచేయించిన ప్రభువూ ఆ నాయుడే. మతద్వేషమని తేల్చేద్దామంటే, అదే ఆలయంలో 1182 నాటి శాసనం అడ్డొస్తుంది. కోట కేతరాజు బుద్ధుడి సన్నిధిలో అఖండదీపాలకు దానమిచ్చాడని అందులో ఉంది. అంటే ద్వేషం కన్నా మరుపు పెద్ద పలుగు.

ఇంగ్లీషువాళ్లను తిట్టడం సులువు, తిట్టాల్సిందే కూడా. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఎలియట్ తవ్వించిన రాళ్లు మద్రాసులో ఏళ్లతరబడి ఎండావానల్లో పడి ఉన్నాయి. 1859లో ఓడెక్కాయి. లండన్లోనూ కొన్నాళ్లు మూలన పడ్డాయి. 1880లో గవర్నరు ఉత్తర్వుతో దిబ్బంతా తోడేశారు, ఏ రాయి ఏ చోటిదో సరైన నమోదు లేకుండా. కానీ లండన్లో ఉన్నదాన్ని తిరిగి ఇమ్మని అడగొచ్చు. బట్టీలో కాలినదాన్ని ఎవర్నడుగుతాం?

మద్రాసుదీ ఒక తప్పుంది. పలకల్ని గోడల్లోకి దించి సిమెంటు పూశారు. సిమెంటులోని లవణాలు తేమతో రాయిలోకి ఎక్కి, పైకొచ్చి స్ఫటికాలవుతాయి, పై పొరను పొట్టులా లేపుతాయి. ప్రాకారపు రాళ్లకు రెండువైపులా చెక్కుడు ఉంటుంది. గోడకు అతికితే ఒక ముఖం పోయినట్టే. అందుకే ప్రతి పలక అంచుల దగ్గరా ఆగి తెల్లటి పొడి, పెచ్చులూడిన మచ్చ ఉన్నాయేమో చూడండి.

తెలుగు లేబుళ్లు ఆశించకండి. 1942లో సి. శివరామమూర్తి ఇదే మ్యూజియం కోసం రాసిన శిల్పాల గ్రంథంలోని ఫొటో పలకలు ముందే ఫోన్లో పెట్టుకెళ్తే, ఎదుటి రాయిని ఆనాటి ఫొటోతో పోల్చుకోవచ్చు. రెండు గంటలు చాలు. నీళ్లసీసా బయటే ముగించండి.